సిల్వర్ గోస్ట్ పరీక్ష ఏమి నిరూపించినది?

1907వ సంవత్సరపు వేసవిలో బ్రిటనులో ఒక మోటారుకారు లండనుకు, గ్లాస్గోకు మధ్య పగలనక రాత్రియనక తిరిగినది. దానికి ఆదివారములు మాత్రమే విశ్రాంతి. అది రోల్స్ రాయిస్ కంపెనీవారు నిర్మించిన 40/50 అశ్వశక్తి కారు. ఒంటికి అల్యూమినియం రంగు వేసి, అమరికలకు వెండిపూత పూసి, చప్పుడు లేకుండ పోవుచున్నది గనుక దానికి 'సిల్వర్ గోస్ట్', అనగా వెండి దయ్యము, అని పేరు పెట్టిరి. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పర్యవేక్షణలో అది 15,000 మైళ్లు నడచినది. 629వ మైలు వద్ద పెట్రోలు కుళాయి అదురునకు తనంతట తానే మూసికొనిపోవుటచే ఒకసారి ఆగినది. ఆ తరువాత 14,371 మైళ్లు యంత్రదోషము వలన ఒక్కసారియైనను ఆగలేదు. టైర్లు మార్చుకొనుటకు నిలిచిన నిలుపులను లెక్కలోనికి తీసికొనలేదు.

మోటారు చరిత్ర వ్రాసినవారందరు ఈ సంఖ్యను తప్పక ఉదహరింతురు. ప్రపంచములోని కార్లన్నింటిలో ఇదియే ఉత్తమమైనదని ఆ కంపెనీవారు చాటుకొనుటకు ముఖ్యమైన ఆధారము కూడ ఇదియే. పరీక్ష కట్టుకథ కాదు. నిజముగా జరిగినది, సాక్షులు కలరు, ఆ కాలమునకు అది గొప్ప సాహసము. కాని ఒక ప్రయోగము నిజముగా జరుగుట వేరు, దాని నుండి తీసిన నిర్ణయము సరియైనదగుట వేరు. ఈ భేదమును విద్యార్థులకు బోధించుటకు సిల్వర్ గోస్ట్ పరీక్షను మించిన ఉదాహరణ దొరకుట కష్టము. అందులోను కారు అంతటిని గాక, దాని జ్వలన వ్యవస్థను మాత్రమే తీసికొని పరిశీలించినచో విషయము మరింత స్పష్టమగును. ఏలయన ఆనాటి కార్లను నడిదారిలో నిలిపివేసిన దోషములలో జ్వలన దోషము మొదటి వరుసలోనిది.

రెండు జ్వలన వ్యవస్థలు

పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును సిలిండరులో పిస్టన్ నొక్కిపెట్టినప్పుడు సరియైన క్షణమున ఒక నిప్పురవ్వ పుట్టవలెను. రవ్వ ముందుగా పుట్టిన పిస్టన్ వెనుకకు తన్నును. ఆలస్యముగా పుట్టిన శక్తి వ్యర్థమగును. అసలు పుట్టనిచో ఆ సిలిండరు పనిచేయదు. స్పార్క్ ప్లగ్ కొనల మధ్య ఖాళీ అర మిల్లీమీటరు ప్రాంతముననుండును. దానిని దాటి రవ్వ దూకవలెనన్న వేల వోల్టుల పీడనము అవసరము. నాలుగు వోల్టుల సంచాయక ఘటముల నుండి అంతటి పీడనమును పుట్టించునది ప్రేరణ తీగచుట్ట.

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోని రూంకార్ఫ్ చుట్టయే ఇది. ఇనుప తీగల కట్టపై లావు తీగతో కొద్ది చుట్లు, వానిపై సన్నని తీగతో వేలాది చుట్లు ఉండును. లావు తీగలోని ప్రవాహమును హఠాత్తుగా తెంచినచో సన్నని తీగలో అధిక పీడనము పుట్టును. ఈ తెంచుటను, కలుపుటను విద్యుత్ గంటలోని నాలుక వంటి ఒక స్ప్రింగు రేకు తనంతట తానే చేయును. దాని కొనయందు ప్లాటినం స్పర్శ బిందువులు కలవు. రేకు అదరుచుండుటచేత దీనిని కంపించు చుట్ట యనవచ్చును.

సిల్వర్ గోస్ట్‌లో ఈ చుట్టతో పాటు మాగ్నెటో కూడ నుండెను. మాగ్నెటోకు ఘటములు అక్కరలేదు. ఇంజనుచే త్రిప్పబడుచు, అయస్కాంతముల నడుమ తీగచుట్ట తిరుగుటచే తానే విద్యుత్తును పుట్టించుకొనును. జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున రాబర్ట్ బోష్ కర్మాగారమందు గోట్లోబ్ హోనోల్డ్ 1902లో అధిక పీడన మాగ్నెటోను రూపొందించిన తరువాత ఇది కార్లలో విరివిగా వాడుకకు వచ్చినది. సిల్వర్ గోస్ట్ ఇంజనుకు ఆరు సిలిండర్లు. ప్రతి సిలిండరుకు రెండు ప్లగ్గులు. ఒకటి చుట్టకు, ఒకటి మాగ్నెటోకు. ఒక వ్యవస్థ మూలబడినను రెండవది ఇంజనును నడిపింపగలదు.

హెన్రీ రాయిస్ కార్లు నిర్మింపకముందు మాంచెస్టరులో డైనమోలు, విద్యుత్ క్రేనులు చేయించిన ఇంజనీరు. విద్యుత్ స్పర్శలు ఎక్కడ ఎందుకు చెడునో అతనికి చేతి అనుభవము కలదు. ఆనాటి పలు కార్లలో ప్రతి సిలిండరుకు ఒక్కొక్క కంపించు చుట్ట ఉండెడిది. అమెరికాలోని చౌక కారు ఫోర్డ్ మోడల్ టి 1927 వరకు నాలుగు చుట్టలతోనే నడచినది. చూచుటకు ఇది సుఖమైన ఏర్పాటే. కాని లెక్క వేసి చూడవలెను. నిమిషమునకు 1,000 చుట్లు తిరుగు ఇంజను సెకనులో వెయ్యవ వంతు కాలమున 6 డిగ్రీలు తిరుగును. రేకు బరువు చేత, స్ప్రింగు బిగువు చేత ఒక చుట్ట మరియొక దానికంటె సెకనులో వెయ్యవ వంతు ఆలస్యముగా కదలినను, ఆ సిలిండరులో రవ్వ 6 డిగ్రీలు వెనుకబడును. ఆరు చుట్టలున్నచో ఆరు రకముల ఆలస్యము. ఒకే చుట్ట, దాని వెంట డిస్ట్రిబ్యూటరు ఉన్నచో ఆలస్యమున్నను అందరికి సమముగా నుండును. దానిని రవ్వ సమయమును ముందుకు జరుపు మీటతో సవరింపవచ్చును. నిశ్శబ్దముగా, అదురు లేకుండ నడచు కారు కావలెననిన ఈ సమానత తప్పనిసరి. విలాసపు కారులో ధర ఎక్కడికి పోవునని అడుగువారికి దిండ్లు, వెండి కంటె ముందుగా దీనిని చూపవలెను.

ఇక ఈ భాగములపై పడిన పని ఎంత? ఆ కాలమున ఇంగ్లండులో చట్టము ప్రకారము వేగపరిమితి గంటకు 20 మైళ్లు. ఆ వేగముననే నడచినదనుకొన్నచో 15,000 మైళ్లకు 750 గంటలు, అనగా 45,000 నిమిషములు పట్టును. ఇంజను నిమిషమునకు సుమారు 1,000 చుట్లు తిరిగినదనుకొన్నచో మొత్తము 4 కోట్ల 50 లక్షల చుట్లు. నాలుగు ఘట్టముల ఇంజనులో ప్రతి సిలిండరుకు రెండు చుట్లకొకసారి రవ్వ కావలెను. కావున ఒక్కొక్క ప్లగ్గున 2 కోట్ల 25 లక్షల రవ్వలు. ఆరు సిలిండర్లకు కలిపి 13 కోట్ల 50 లక్షలు. ఇది ఊహించిన వేగములపై వేసిన అంచనాయే యైనను పరిమాణమును తెలుపును. ప్లాటినం బిందువుల మధ్య జరుగు ప్రతి చిన్న మెరపు ఒకవైపు నుండి రవంత లోహమును ఎత్తి రెండవవైపున వేయును. ఒకవైపు గుంట, మరియొకవైపు మెట్ట ఏర్పడును. కండెన్సరు ఈ మెరపును తగ్గించును గాని పూర్తిగా మాన్పదు.

ఆగకపోవుట వేరు, చెడకపోవుట వేరు

పరీక్ష లెక్కించినది దేనిని? కారు అనుకొనకుండ ఎన్నిసార్లు ఆగినదన్న విషయమును. ఈ కొలమానము ప్రయాణము చేయువానికి చాల విలువైనది. అతనికి కావలసినది గ్లాస్గో చేరుట. మాగ్నెటో చేర్చినదా, చుట్ట చేర్చినదా అన్నది అతనికి పట్టదు. కాని జ్వలన భాగముల విశ్వసనీయతను తెలిసికొనదలచినవానికి ఈ కొలమానము దాదాపు గ్రుడ్డిది.

రెండు వ్యవస్థలున్న ఇంజనులో ఒకటి పూర్తిగా చెడినను కారు ఆగదు. కొంచెము శక్తి తగ్గును, అంతే. కావున '14,371 మైళ్లు ఆగలేదు' అను వాక్యము మాగ్నెటో ఒకసారియైన చెడలేదని చెప్పదు, చుట్ట చెడలేదని చెప్పదు. రెండును ఒకే సమయమున చెడలేదని మాత్రమే చెప్పును. ఒక ప్రయాణమున ఒక్కొక్క వ్యవస్థ చెడు సంభావ్యత నూటికి ఒకటి అనుకొందురు గాక. రెండును కలిసి చెడు సంభావ్యత పదివేలకు ఒకటి. అనగా నాసిరకపు వ్యవస్థలు రెండింటిని జోడించియు ఆగని కారును తయారుచేయవచ్చును! జంట ఏర్పాటులోని బలము అదియే, దాని పరీక్షలోని చిక్కు కూడ అదియే.

ఈ గుణకారము కూడ ఒక షరతునకు లోబడినది. రెండు వ్యవస్థల దోషములు ఒకదానితో ఒకటి సంబంధము లేనివై యుండవలెను. వానకు ఇంజను తడిసినచో రెండు వ్యవస్థల తీగలును తడియును. సిలిండరులోనికి నూనె ఎక్కువగా పోయినచో రెండు ప్లగ్గులకును మసి పట్టును. అట్టి సమయమున నూటికి ఒకటిని నూటికి ఒకటితో గుణించుట అక్రమము.

విమానములలో ఈ సమస్యను పరిష్కరించిన తీరు గమనింపదగినది. పిస్టన్ ఇంజనులు గల చిన్న విమానములలో నేటికిని రెండు మాగ్నెటోలు ఉండును. నేలను విడువకముందే విమానచోదకుడు ఒక మాగ్నెటోను ఆపి ఇంజను వేగము ఎంత తగ్గినదో చూచును. దానిని మరల కలిపి రెండవదానిని ఆపి చూచును. రెండు పనిచేయుచున్నప్పుడు కనబడని దోషము అప్పుడు బయటపడును. సిల్వర్ గోస్ట్ పరీక్షలో ప్రతి వంద మైళ్లకొకసారి ఇట్లు చేసి ఫలితమును ప్రకటించియుండినచో, 14,371 అను ఒక్క సంఖ్యకు బదులు రెండు వ్యవస్థల నిజమైన చరిత్ర లోకమునకు తెలిసియుండెడిది.

ఎడతెగని పరుగులోని సుఖము

పగలు రాత్రి నడచుట కారునకు కఠిన శిక్ష యని సామాన్యముగా తోచును. టైర్లకు, స్ప్రింగులకు, బేరింగులకు అది నిజమే. జ్వలన వ్యవస్థకు మాత్రము ఎడతెగని పరుగు సుఖమైన కాలము. వేడెక్కిన ఇంజనులో ప్లగ్గులు పొడిగా నుండును, మసి కాలిపోవును, తీగలపై తేమ నిలువదు. మాగ్నెటో తగిన వేగముతో తిరుగుచు బలమైన రవ్వనిచ్చును.

కష్టమంతయు మొదలుపెట్టునప్పుడే. మాగ్నెటోలో పుట్టు పీడనము అది తిరుగు వేగమును అనుసరించి యుండును. చేతితో హాండిలు త్రిప్పునప్పుడు ఇంజను నిమిషమునకు నూరు చుట్లయినను తిరుగుట అరుదు. ఆ వేగమున మాగ్నెటో రవ్వ నీరసము. చల్లని సిలిండరులో పెట్రోలు సరిగా ఆవిరికాదు. అందుకే మొదలుపెట్టుటకు చుట్టను, నడచుటకు మాగ్నెటోను వాడుట ఆనాటి పద్ధతి. ఈ పరీక్షలో చల్లారిన ఇంజనును లేపవలసిన సందర్భములు ముఖ్యముగా ఆదివారము గడచిన తరువాత వచ్చినవే. అదియు ఇంగ్లండులో వేసవి. జనవరి నెల మంచులో, వారము దినములు కదలక నిలిచియున్న కారును లేపుట ఈ పరీక్షలో లేనే లేదు.

విలాసపు కారు అసలు జీవితము ఎట్టిది? అది రాత్రింబవళ్లు పరుగెత్తదు. గారేజిలో నిలిచియుండి, యజమాని కోరినప్పుడు వెంటనే లేవవలెను. ఇందుకు తెలుగునాటనే ఒక ఉదాహరణము కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోరికపై నిర్మింపబడిన 1912 నాటి సిల్వర్ గోస్ట్, సింహాసనము వంటి ఆసనముతో, పసుపుపచ్చ రంగుతో, హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శింపబడుచున్నది. ఆయన 1911లోనే మరణించుటచే అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చినది. ఉత్సవములకే గాని దూర ప్రయాణములకు వాడిన కారు కాదు. ఇట్టి కారులో సంచాయక ఘటములు వాడుక లేక తమంత తామే ఆవేశమును కోల్పోవును. పలకలపై గట్టి సల్ఫేటు పేరుకొనును. మాగ్నెటో చుట్టలోని పట్టు, లక్క పూతలు వానకాలపు తేమను పీల్చును. పాతకాలపు ఉక్కు అయస్కాంతములు మెల్లగా బలము కోల్పోవును. ఇవన్నియు మైళ్లతో కాదు, దినములతో కొలువవలసిన దోషములు. 15,000 మైళ్లను మూడు నెలలలోపుననే పూర్తిచేసిన పరీక్షలో ఇవి కనబడుటకు వ్యవధియే లేదు.

మెకానిక్కులు ప్లగ్గును ఊడదీసి ఇంజను తలపై పెట్టి రవ్వ వచ్చునో లేదో చూచు వాడుకలోను ఇట్టి లోపమే కలదు. బయట రవ్వ వచ్చినంత మాత్రమున లోపల వచ్చునన్న నమ్మకము లేదు. వాయువు పీడనము పెరిగినకొలది రవ్వ దూకుటకు కావలసిన వోల్టులును పెరుగునని జర్మను శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లో చూపెను. సిల్వర్ గోస్ట్ వంటి తక్కువ సంపీడనపు ఇంజనులో సైతము రవ్వ క్షణమున పీడనము బయటి గాలికి నాలుగైదు రెట్లుండును. పగిలిన పింగాణి గల ప్లగ్గు బయట చక్కగా మెరసి, లోపల మూగయగుట సామాన్యము.

ఒక్క కారు

పరీక్షింపబడినది ఒకే ఒక కారు. దానిని ఎన్నుకొన్నది కంపెనీయే. పరీక్షను నడిపించిన క్లాడ్ జాన్సన్ రోల్స్ రాయిస్ నిర్వాహకుడు. అంతకుముందు అతడే ఆ ఆటోమొబైల్ క్లబ్బునకు మొదటి కార్యదర్శి. ఇందుచేత మోసము జరిగినదనుట అన్యాయము. పర్యవేక్షకులు నిజాయితీ గలవారే యనుకొన్నను, ఒక కారు ఫలితము నుండి ఆ తరగతి కార్లన్నింటిని గురించి ఎంతవరకు చెప్పవచ్చునన్నది గణితశాస్త్రము తేల్చవలసిన విషయము.

అదృష్టవశమున లెక్క సులభము. దోషములు యాదృచ్ఛికముగా, ఎప్పుడైనను సమానముగా వచ్చునవి యనుకొందురు గాక. సగటున 4,800 మైళ్లకొకసారి ఆగిపోవు స్వభావము గల మామూలు కారు కూడ, 14,371 మైళ్లు ఆగకుండ నడచు సంభావ్యత ఇరువదింట ఒకటి. అనగా అట్టి మామూలు కార్లను ఇరువదింటిని పంపినచో వానిలో ఒకటియైనను ఆ రికార్డును అందుకొనవచ్చును; పత్రికలలో దాని పేరే కనబడును. మరియొక వైపు, సగటున లక్ష మైళ్లకొకసారి మాత్రమే ఆగు కారు ఈ దూరమును దాటు సంభావ్యత నూటికి ఎనుబదియారు. ఈ ఒక్క పరీక్ష ఫలితము ఆ కారునకును సరిపోవును, ఈ కారునకును సరిపోవును. వానిని వేరుచేయవలెనన్న పది, ఇరువది కార్లు కావలెను.

అరుగుదల వలన కలుగు దోషములకు పై లెక్క కూడ చాలదు. అవి సమానముగా రావు, వయస్సుతో పెరుగును. స్వీడను దేశపు ఇంజనీరు వాలోడి వైబుల్ 1951లో ప్రకటించిన సూత్రము ఈ రెండు రకములకును, మొదటి దినములలో వచ్చు దోషములకును వర్తించును. ఆ మొదటి రకమును తెలుగులో బాలారిష్టములనుట చక్కగా నుండును: తయారీలో దొర్లిన లోపములు తొలి కొద్ది మైళ్లలోనే బయటపడును. సిల్వర్ గోస్ట్ విషయమున మరచిపోరాని సంగతి యేమనగా, 15,000 మైళ్ల లెక్క మొదలగుటకు ముందే ఆ కారు మే నెలలో క్లబ్బు పర్యవేక్షణలో 2,000 మైళ్లు నడచినది. బాలారిష్టములు చాలవరకు ఆ 2,000 మైళ్లలోనే గడచిపోయినవి. కొనుగోలుదారునకు ఇంటికి వచ్చు కొత్త కారు మాత్రము వానితోనే వచ్చును.

మరియొక పరీక్ష

మరుసటి సంవత్సరము, 1908లో, అదే క్లబ్బు ఇంకొక పరీక్షను జరిపినది. దానిని పోల్చి చూచినచో పై విమర్శలు గాలిలో కట్టినవి కావని తెలియును. అమెరికాకు చెందిన కాడిలాక్ కంపెనీ కార్లు లండను ఏజెంటు వద్ద ఎనిమిది యుండగా, వానిలో మూడింటిని ఎన్నుకొనిరి. బ్రూక్‌లాండ్స్ పందెపు మార్గము వద్ద మూడింటిని విప్పి, భాగములను ఒకే కుప్పగా కలిపివేసిరి. 89 భాగములను తీసివేసి వాని స్థానమున ఏజెంటు నిలువలోని భాగములనుంచిరి. ఆ కుప్ప నుండి మూడు కార్లను తిరిగి కట్టి, 500 మైళ్లు నడిపిరి. ఇవి ఒకే సిలిండరు గల చిన్న కార్లు. కాడిలాక్ పేరు విలాసమునకు పర్యాయమైనది తరువాతి కాలమున. ఆ 500 మైళ్లలో కలిగిన చెప్పుకొనదగిన దోషము జ్వలనకు సంబంధించినదే: రవ్వ సమయమును మార్చు మీటలోని ఒక చిన్న కాటరు పిన్ను విరిగినది. నిలువ నుండి మరియొకటి తెచ్చి పెట్టిరి; కారు నడచినది.

దూరమును బట్టి చూచినచో 500 మైళ్లు 15,000 మైళ్ల ముందు నిలువదు. ప్రయోగ నిర్మాణమును బట్టి చూచినచో కాడిలాక్ పరీక్షయే మిన్న. ఒకటికి మారు మూడు కార్లు. ఎన్నిక కొంతవరకు కంపెనీ చేతిలో లేదు. చేతితో సానపట్టి అమర్చిన ప్రత్యేక భాగములకు తావులేదు. అన్నింటికంటె ముఖ్యముగా, ఈ పరీక్ష ఒక నిర్దిష్టమైన ప్రశ్న వేసినది: ఒక కారు భాగము మరియొక కారునకు సరిపోవునా? ఆ ప్రశ్నకు సమాధానము దొరకినది. జ్వలన భాగముల మన్నికను గురించి మాత్రము ఇదియు పెద్దగా చెప్పలేదు. 500 మైళ్లలో ప్లాటినం బిందువులు అరుగవు.

1909లో డైమ్లర్ కంపెనీవారి నైట్ ఇంజనులకు జరిగిన పరీక్ష ఇంకొక మెట్టు పైకి పోయినది. ఇంజనును కారులో నుండి వేరుచేసి, బల్లపై బిగించి, తెలిసిన భారముతో 132 గంటలు నడిపిరి; పిదప కారులో పెట్టి బ్రూక్‌లాండ్స్‌లో సుమారు 2,000 మైళ్లు త్రిప్పిరి; మరల బల్లపైకి తెచ్చి శక్తిని కొలిచిరి. ముందు ఎంత, తరువాత ఎంత అన్న పోలిక అందు కలదు. ప్రయోగశాలకు అలవాటుపడిన కంటికి ఇది పరీక్ష వలె కనబడును.

జ్వలన వ్యవస్థలో తరువాత వచ్చిన మార్పు కాడిలాక్ వైపు నుండియే వచ్చినది. చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డేటన్ నగరమున నెలకొల్పిన డెల్కో సంస్థ 1910 నాటి కాడిలాక్ కార్లకు కొత్త బాటరీ జ్వలనను అమర్చినది. కంపించు రేకు వలె రవ్వల జల్లు కురిపింపక, ఒక్కొక్క సారికి ఒకే రవ్వ పుట్టించి బాటరీని పొదుపు చేయుట అందలి కిటుకు. 1912 మోడలులో విద్యుత్తుతో ఇంజనును లేపు స్వయంచాలకమును, దీపములను, జ్వలనను ఒకే విద్యుత్ వ్యవస్థలో చేర్చిరి. చేతి హాండిలు వెనుకకు తన్ని మణికట్టులు విరుగుట అంతటితో తగ్గినది. చల్లని ఇంజనును లేపుటయే జ్వలనకు అసలైన పరీక్ష యన్న మాటను ఈ మార్పు చేతలలో అంగీకరించినట్లయినది. ఈ విద్యుత్ ఏర్పాటునకే కాడిలాక్‌కు రెండవసారి డ్యూయర్ ట్రోఫీ లభించినది.

భాగము యొక్క విశ్వసనీయత కేవలము కొనుగోలుదారుని సౌఖ్యమునకు సంబంధించినది కాదని 1914లో బ్రిటనుకు తెలిసివచ్చినది. యుద్ధము మొదలగునప్పటికి ఆ దేశపు వాహనములకు, విమానములకు కావలసిన మాగ్నెటోలలో అత్యధిక భాగము జర్మనీ నుండి వచ్చుచుండెను. శత్రుదేశము నుండి సరఫరా నిలిచిపోగా, వాని నిర్మాణమును తామే హడావిడిగా నేర్చుకొనవలసి వచ్చినది. గాలిలో నున్న యంత్రమునకు దారి ప్రక్కన ఆగు సదుపాయము లేదు.

విలువైన చీటీ

ఇంతవరకు చూపిన లోపములను బట్టి సిల్వర్ గోస్ట్ పరీక్ష నిష్ప్రయోజనమనుకొనరాదు. దానిలో నిజముగా విలువైన భాగము ఒకటి కలదు. దానిని గురించి కథకులు నవ్వుటకు తప్ప ఎక్కువగా వాడరు. 15,000 మైళ్లు పూర్తియైన పిదప క్లబ్బువారు కారును విప్పించి, కొలిచి, అరిగిన భాగములను మరల కొత్తవాని వలె చేయుటకు ఎంత వ్యయమగునో తేల్చిరి. ఆ మొత్తము 2 పౌన్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. అనగా 511 పెన్నీలు. పెన్నీకి 29 మైళ్లకు పైగా నడచినదన్నమాట. ఈ చౌకతనము ప్రకటనలలోనికి ఎక్కినది. జాబితాను చదివినవారు తక్కువ.

జాబితాలో స్టీరింగు కీళ్లలోని కొన్ని భాగములు, ఫాను పట్టీ, పెట్రోలు జల్లెడ, వాల్వులను నూరుట, నీటి పంపుకు పాకింగు ఉన్నవి. వానితో పాటు మాగ్నెటోను త్రిప్పు కీలు కూడ ఉన్నది. ఇదిగో, జ్వలన వ్యవస్థను గురించి ఈ పరీక్ష నేరుగా చెప్పిన ముఖ్యమైన మాట! తీగచుట్ట కాదు, అయస్కాంతము కాదు, పింగాణి కాదు. ఇంజను నుండి మాగ్నెటోకు చలనమునందించు ఇనుప కీలు అరిగినది. దోషము విద్యుత్తులో లేదు, యాంత్రిక సంధిలో నున్నది. ఈ కీలు వదులైనకొలది రవ్వ సమయము అటునిటు తొట్రుపడును. ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు. కారు ఆగదు, చోదకునికి తెలియదు, పర్యవేక్షకుని పుస్తకములో గుర్తు పడదు. 14,371 మైళ్ల రికార్డు దాచిపెట్టిన దానిని రెండు పౌన్ల చీటీ బయటపెట్టినది.

ఆ కీలును 5,000 మైళ్లకు, 10,000 మైళ్లకు కూడ విప్పి కొలిచియుండినచో అరుగుదల రేఖ దొరకెడిది. అది ఏ మైలు వద్ద ప్రమాదస్థితికి వచ్చునో ముందుగా చెప్పగలిగియుండెడివారు. విప్పినచో 'ఆగని' రికార్డు పోవును. కంపెనీ రికార్డును కోరుకొన్నది. వ్యాపారమున అది తెలివైన ఎంపికయే. ఇక ఆగిపోయిన ఆ ఒక్కసారి సంగతి: రాయిస్ జ్వలనకు రెండు వ్యవస్థలనుంచెను, పెట్రోలుకు ఒకే కుళాయి నుంచెను. 629వ మైలు వద్ద ఆగినది ఆ కుళాయి వలననే.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చేసి చూపదలచినచో కారు అక్కరలేదు. కంపించు చుట్టకు, పాతరకపు విద్యుత్ గంటకు సూత్రమొకటే. బజారులో దొరకు చౌక గంటలు పది తెచ్చి, ఒకే వోల్టులపై, ఒకే గదిలో వరుసగా మ్రోగనిచ్చి, ఒక్కొక్కటి ఆగిన గంటను, నిమిషమును విద్యార్థులచే వ్రాయింపవలెను. గంటల డిప్పలను ముందుగా తీసివేసినచో పక్క తరగతులకు ఇబ్బంది ఉండదు. ఆగిన క్రమమున కాలములను గ్రాఫు కాగితముపై గుర్తించినచో మొదట ఆగినవి ఎన్ని, చివరివరకు నిలిచినవి ఎన్ని, నడుమ ఎక్కడ గుమిగూడినవో కంటికి కనబడును. పదింటిలో బాగా నిలిచిన ఒక్క గంటను మాత్రమే చూపి 'ఈ గంటలు ఇంతకాలము మ్రోగును' అని ఒక విద్యార్థిచే చెప్పించి, మిగిలినవారిని ఆక్షేపించుమనవచ్చును. పిదప ఆగిన ప్రతి గంట యొక్క స్పర్శ బిందువులను భూతద్దముతో చూచి, గుంట ఏ వైపున, మెట్ట ఏ వైపున ఏర్పడినదో, ఘటము తీగలను తారుమారు చేసినచో ఆ గుంట రెండవ వైపునకు మారునో లేదో వ్రాసికొనవలెను.